స్థానిక సంస్థల్లో నైతిక ప్రవర్తన: సభ్యులు, సిబ్బంది, పౌరులు తరచుగా అడిగే ప్రశ్నలు

స్థానిక సంస్థల సమావేశాల్లో మినిట్స్ రాయడం చాలాకాలం నా ఉద్యోగం. ఎవరు ఏమన్నారో రాసుకుంటూ కూర్చున్నప్పుడు, ఎవరు ఏమీ అనకుండా ఊరుకున్నారో కూడా కనిపిస్తుంది. మంచి పేరున్న మనుషులు చిక్కుల్లో పడటం కళ్లారా చూశాను. "ఈ విషయంలో నాకు సంబంధం ఉంది" అని చెప్పాల్సిన ఒక్క నిమిషంలో నోరు విప్పకపోవడం దగ్గరే వాటిలో చాలా కథలు మొదలయ్యాయి. కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఆ నిమిషం గురించే. గడువులు, పరిమితులు ఒక్కో చట్టంలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి వాటిని మీ సంస్థ కార్యదర్శినో న్యాయ సలహాదారునో అడిగి కచ్చితంగా తెలుసుకోండి.

లంచం నేరమని చట్టంలోనే ఉంది కదా, మళ్లీ ప్రవర్తనా నియమావళి ఎందుకు?

చట్టం తప్పు జరిగాక పట్టుకుంటుంది. నియమావళి అంతకన్నా ముందు పనిచేస్తుంది. ఒక కౌన్సిలర్ తన బావమరిదికి దక్కబోయే కాంట్రాక్టు మీద ఓటేశాడనుకోండి. డబ్బు చేతులు మారిందని రుజువు లేకపోతే లంచం కేసు నిలబడటం కష్టం. కానీ అది తప్పేనని వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. చట్టానికి, జనం మనసులోని న్యాయానికి మధ్య ఉన్న ఆ ఖాళీని నియమావళి పూడుస్తుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. నగర పాలనాధికారుల వృత్తి సంఘం ఐసీఎంఏ 1924లోనే తన సభ్యులకు నీతి నియమావళి రాసుకుంది. ఐక్యరాజ్యసమితి 1996 డిసెంబరులో ప్రభుత్వాధికారుల కోసం అంతర్జాతీయ ప్రవర్తనా నియమావళిని ఆమోదించింది. ఆ సంస్థే తెచ్చిన 2003 నాటి అవినీతి వ్యతిరేక ఒప్పందం 8వ అధికరణంలో కూడా ఈ నియమావళుల ప్రస్తావన ఉంది.

స్థానిక సంస్థల్లో దీని అవసరం ఇంకా ఎక్కువ. రాజధానిలో కూర్చున్న మంత్రికి తన సంతకంతో బాగుపడేదెవరో పేరు కూడా తెలియకపోవచ్చు. వార్డు సభ్యుడి పరిస్థితి వేరు. కాంట్రాక్టర్ తనతో చదువుకున్నవాడై ఉంటాడు, అర్జీ పెట్టింది పక్కింటావిడ, అభ్యంతరం చెప్పింది సొంత మేనమామ. అందరూ తెలిసినవాళ్లే అయిన చోట నిష్పక్షపాతంగా ఉండటానికి మంచి మనసు ఒక్కటే చాలదు, ఒక పద్ధతి కావాలి.

ఈ నియమాలు ఎవరెవరికి వర్తిస్తాయి?

ఎన్నికైన సభ్యులు, మేయర్లు, అధ్యక్షులు, నామినేటెడ్ సభ్యులు, పర్మనెంటు, కాంట్రాక్టు ఉద్యోగులు, జీతం లేకుండా కమిటీల్లో కూర్చునేవాళ్లు. ప్రజల డబ్బు ఖర్చుపెట్టడంలోనో అనుమతులు ఇవ్వడంలోనో మీకు పాత్ర ఉంటే మీకు వర్తిస్తాయనే అనుకోండి. "నాకు జీతమే లేదు, నాకెందుకీ నియమాలు?" అన్న మాట చెల్లదు.

ఏడు సూత్రాలు అంటుంటారు. అవేమిటి?

డబ్బు తీసుకుని పార్లమెంటులో ప్రశ్నలు అడిగారన్న ఆరోపణలతో బ్రిటన్‌లో పెద్ద దుమారం రేగింది. అప్పటి ప్రధాని జాన్ మేజర్ 1994 అక్టోబరులో న్యాయమూర్తి లార్డ్ నోలన్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. 1995లో ఇచ్చిన మొదటి నివేదికలో ఆ కమిటీ ఏడు సూత్రాలు చెప్పింది: నిస్వార్థం, చిత్తశుద్ధి, నిష్పాక్షికత, జవాబుదారీతనం, పారదర్శకత, నిజాయితీ, నాయకత్వం. 1997లో స్థానిక సంస్థల మీదే ప్రత్యేకంగా ఇంకో నివేదిక ఇచ్చింది.

వీటిలో రోజువారీ పనికి నాకు బాగా ఉపయోగపడింది చిత్తశుద్ధికి వాళ్లు చెప్పిన అర్థం. మన విధుల మీద ప్రభావం చూపాలనుకునే మనిషికి గానీ సంస్థకు గానీ డబ్బు రూపంలోనో మరో రూపంలోనో రుణపడకూడదని దాని సారం. రుణం అంటే అప్పు ఒక్కటే కాదని మనకు వేరే చెప్పక్కర్లేదు. ఒక పెళ్లి ఖర్చు, ఒక కాలేజీ సీటు, కష్టకాలంలో ఒక ఆస్పత్రి బిల్లు, ఇవన్నీ రుణాలే. తీర్చమని అడిగే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

పరస్పర విరుద్ధ ప్రయోజనాలు అంటే సరిగ్గా ఏమిటి?

మీ పదవి కోరేది ఒకటి, మీ సొంత లాభం కోరేది మరొకటి అయ్యే పరిస్థితి. అందులో ఉండటమే నేరం కాదు. భూమి, వ్యాపారం, చుట్టాలు ఉన్న ప్రతి మనిషికీ ఎప్పుడో ఒకసారి అది ఎదురవుతుంది. దాన్ని దాచి నిర్ణయంలో పాల్గొన్నప్పుడే తప్పు.

ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ ఓఈసీడీ 2003లో ఇచ్చిన మార్గదర్శకాలు దీన్ని మూడు రకాలుగా చూస్తాయి. ఇప్పుడు నిజంగా ఉన్నది మొదటిది. ఉందని బయటివాళ్లకు అనిపించేది రెండోది. ముందుముందు రాగలిగేది మూడోది. మీ భార్య నడిపే సంస్థ ఈ నెల టెండరు వేసింది, అది నిజమైనది. మీ ఇంటిపేరే ఉన్నా మీకు ఏ చుట్టరికమూ లేని వ్యక్తి టెండరు వేశాడు, అది అనిపించేది. మీ అబ్బాయి ఇప్పుడే నిర్మాణ రంగంలోకి దిగాడు, అది రాగలిగేది. మొదటి దాంట్లో తప్పుకోవాలి. రెండో దాంట్లో ఎలాంటి బంధుత్వం లేదని సభలో ఒక మాట చెప్పి రికార్డు చేయించాలి. మూడో దాన్ని ఇప్పుడే సభ్యుల ప్రయోజనాల రిజిస్టర్‌లో రాయించాలి.

డబ్బుకు సంబంధం లేనివీ ఉంటాయి. మీరు పదేళ్లుగా అధ్యక్షుడిగా ఉన్న యువజన సంఘానికి గ్రాంటు ఇచ్చే తీర్మానం వచ్చిందనుకోండి. మీ జేబులోకి పైసా రాదు. అయినా మీరు నిష్పక్షపాతంగా తూకం వేయగలరని ఎవరూ నమ్మరు, నమ్మాల్సిన అవసరమూ లేదు.

నాకు తప్పు చేసే ఉద్దేశం లేదు. అయినా ఎందుకు బయటపెట్టాలి?

మీ ఉద్దేశం మీకు తప్ప ఎవరికీ కనిపించదు కాబట్టి. పోర్టర్ వర్సెస్ మెగిల్ కేసులో 2001లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన తీర్పులో ఒక కొలమానం ఉంది. విషయాలన్నీ తెలిసిన, ఎటూ మొగ్గని మనిషి చూస్తే పక్షపాతానికి నిజమైన అవకాశం ఉందని అనుకుంటాడా? అనుకుంటాడనిపిస్తే మీరు ఆ నిర్ణయంలో ఉండకూడదు. మీ మనసు ఎంత శుభ్రంగా ఉందన్న ప్రశ్నే ఇక్కడ రాదు. నాకు ఈ కొలమానం చాలా ఊరటగా అనిపిస్తుంది. ఎందుకంటే తప్పుకున్నంత మాత్రాన మీరు చెడ్డవారని ఒప్పుకున్నట్టు కాదు.

నా భూమి పక్కనుంచి వెళ్లే రోడ్డు ఎజెండాలో ఉంది. సమావేశంలో ఏం చేయాలి?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువమంది సగం చేసి వదిలేసేదీ ఇదే. కాబట్టి వివరంగా చెబుతాను.

ఎజెండా చేతికి అందిన రోజే చదవండి. సమావేశం మొదలయ్యాక చదివితే అప్పటికప్పుడు ఏం చేయాలో తోచక ఊరుకుంటారు. మీకు సంబంధించిన అంశం కనిపిస్తే కార్యదర్శికి రెండు వాక్యాలు రాసి పంపండి. సమావేశం ప్రారంభంలో, ఆ అంశం రాకముందే, అందరికీ వినబడేలా చెప్పండి. "ఆరో అంశంలోని రోడ్డు పక్కన నా కుటుంబానికి భూమి ఉంది. ఈ చర్చలో నేను పాల్గొనను" అంటే చాలు. క్షమాపణలు, వివరణలు అక్కర్లేదు.

అంశం వచ్చినప్పుడు గదిలోంచి బయటకు వెళ్లండి. ఒక సభ్యుడు ఇలాగే ప్రకటన చేసి, వెనక వరుసలోకి మారి కూర్చున్నారు. నోరు తెరవలేదు. కానీ మాట్లాడుతున్న ప్రతి సభ్యుడూ ఆయన ముఖంలోకి చూసి మరీ మాట్లాడటం నేను చూశాను. ఆ రోజు మినిట్స్‌లో "పాల్గొనలేదు" అని రాశాను గానీ, ఆ మాట రాయడానికి నా చెయ్యి ఆడలేదు.

సభకు ముందు కారిడార్లోనో ఫోన్లోనో తోటి సభ్యులకు ఆ అంశం గురించి నచ్చజెప్పడం కూడా పాల్గొనడమే. అధ్యక్షస్థానంలో మీరే ఉంటే ఆ అంశం వరకు కుర్చీ ఉపాధ్యక్షుడికి అప్పగించండి. మినిట్స్‌లో మీ పేరు, సంబంధం ఏమిటి, ఎప్పుడు బయటకు వెళ్లారు, ఎప్పుడు తిరిగి వచ్చారు అన్నవి పడ్డాయో లేదో తర్వాత చూసుకోండి. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే మిమ్మల్ని కాపాడేది ఆ నాలుగు ముక్కలే.

నా లాభానికి వ్యతిరేకంగా ఓటేస్తే తప్పేముంది?

అలా కూడా వేయకూడదు. ప్రశ్న మీరు ఎటు ఓటేశారన్నది కాదు, ఆ ఓటు మీ చేతిలో ఉండవచ్చా అన్నది. పైగా ఈసారి త్యాగం చేశానని వచ్చేసారి వేరే విషయంలో చనువు తీసుకునే అలవాటు మొదలవుతుంది.

ఊరంతటికీ వర్తించే పన్ను తగ్గింపు వల్ల నాకూ లాభమే. అప్పుడూ తప్పుకోవాలా?

అక్కర్లేదు. అందరితో పాటు అంతే లాభం వచ్చేచోట సాధారణంగా పాల్గొనవచ్చు. లేకపోతే నీటి సరఫరా మీద నీళ్లు తాగే ఏ సభ్యుడూ ఓటు వేయలేడు. అయితే మినహాయింపు రాసిన తీరు చూస్తే మీ వీధికో మీ వ్యాపారానికో కొలిచి కుట్టినట్టుగా ఉంటే మాత్రం సంబంధం చెప్పి తప్పుకోవాల్సిందే.

బంధువుల్లో ఎంతవరకు లెక్కలోకి వస్తారు?

చట్టాలు ఒక గీత గీస్తాయి. ఇంగ్లండ్‌లో 2011 నాటి లోకలిజం చట్టం ప్రకారం సభ్యుడు తనవే కాదు, జీవిత భాగస్వామి ఆర్థిక ప్రయోజనాలు కూడా పదవి చేపట్టిన 28 రోజుల్లో తెలియజేయాలి. సరైన కారణం లేకుండా దాచిపెడితే అది క్రిమినల్ నేరం. కొన్నిచోట్ల పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు కూడా జాబితాలో ఉంటారు.

మన కుటుంబాల్లో ఆ గీత సరిపోదని నా అభిప్రాయం. పెదనాన్న కొడుకుని సొంత అన్నయ్యలా, తోడల్లుణ్ని వ్యాపార భాగస్వామిలా చూసుకునే చోట "చట్టంలో ఆ చుట్టరికం లేదు" అనడం అతి తెలివి అవుతుంది. ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఆ మనిషికి నష్టం కలిగే నిర్ణయం తీసుకుంటే రాబోయే శుభకార్యంలో ఆయన ఎదుట పడటానికి ఇబ్బంది పడతారా? పడతారంటే చెప్పండి, తప్పుకోండి. స్నేహితులకైనా ఇదే పరీక్ష.

ఎలాంటి బహుమతి తీసుకోవచ్చు?

సమావేశంలో అందరికీ ఇచ్చే పెన్ను, డైరీ, పూలగుచ్ఛం లాంటివాటితో ఎవరికీ ఇబ్బంది లేదు. మీ సంస్థ నియమావళిలో విలువ పరిమితి ఉంటే అదే ప్రమాణం. దక్షిణ కొరియా 2016 సెప్టెంబరులో అమల్లోకి తెచ్చిన చట్టం అధికారులకు ఇచ్చే భోజనాలకు, బహుమతులకు, శుభ, అశుభ కార్యాల్లో ఇచ్చే డబ్బుకు విడివిడిగా పరిమితులు పెట్టింది. అంత చిన్న విషయాలకూ లెక్క ఏమిటని చాలామంది అన్నారు. నాకైతే అంకె ఉండటమే మంచిదనిపిస్తుంది. కాదనడానికి మొహమాటపడే అధికారికి "రూల్ ఒప్పుకోదండీ" అనే మాట దొరుకుతుంది.

పరిమితి లోపలే ఉన్నా, ఇచ్చేవారి ఫైలు మీ టేబుల్ మీద ఉంటే తీసుకోకండి. అదే మనిషి నెలనెలా చిన్నచిన్నవి ఇస్తుంటే అన్నీ కలిపి లెక్కవేయండి. మీరు ఆ పదవిలో లేకపోయినా ఆయన ఇది ఇచ్చేవాడా అని ప్రశ్నించుకుంటే చాలా సందేహాలు అక్కడికక్కడే తీరిపోతాయి.

నేను లేనప్పుడు ఇంట్లో ఇచ్చి వెళ్లిపోయారు. ఇప్పుడేం చేయాలి?

అదే రోజు తిరిగి పంపండి, పంపినట్టు రాతపూర్వక ఆధారం ఉంచుకోండి. పంపడం కుదరకపోతే కార్యాలయంలో జమచేసి బహుమతుల రిజిస్టర్‌లో రాయించండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టడం ముఖ్యం. చాలామంది అధికారులు తాము ఎంత జాగ్రత్తగా ఉన్నా గుమ్మం దగ్గర దెబ్బతిన్నారు.

పని పూర్తయ్యాక సంతోషంగా ఇస్తే అది లంచం కాదుగా?

ముందు అడగకపోయినా తర్వాత తీసుకుంటే తేడా ఏమీ రాదు. అక్కడ ఇచ్చింది చూసిన తర్వాతి మనిషి తన పనికీ ఇవ్వాలేమోనని జేబు తడుముకుంటాడు. మీరు అడగకుండానే రేటు ఖరారైపోతుంది.

ఫైలు త్వరగా కదిలించినందుకు కొంత తీసుకుంటారు. అర్హత ఉన్నవాడికే కదా ఇచ్చేది?

అర్హత ఉన్నవాడికి హక్కుగా రావాల్సినదాన్ని అమ్మడం అది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అవినీతి ఇదే. ఎందుకంటే జనన ధ్రువపత్రం, కుళాయి కనెక్షన్, వృద్ధాప్య పింఛను లాంటి వాటి దగ్గర, డబ్బు లేనివాళ్ల దగ్గరే ఇది ఎక్కువ. చేయి తడిపితేనే ఫైలు కదులుతుందని ఒకసారి పేరు పడితే, నిజాయితీగా పనిచేసే ఉద్యోగి టేబుల్ దగ్గర కూడా జనం భయంభయంగానే నిలబడతారు. ఇంకో కీడు కూడా ఉంది. త్వరగా చేయడానికి డబ్బు వస్తుందంటే, మామూలుగా ఆలస్యం చేయడం లాభసాటి అవుతుంది.

మనుషుల్ని తిట్టడం కంటే పద్ధతి మార్చడం ఇక్కడ బాగా పనిచేస్తుంది. సోల్ నగర పాలక సంస్థ 1999లో అర్జీల స్థితిని ఇంటర్నెట్‌లో పెట్టే ఓపెన్ అనే వ్యవస్థను తెచ్చింది. అర్జీ ఎవరి దగ్గర ఉంది, ఏ దశలో ఉందన్నది పౌరుడే చూసుకోవచ్చు. ఆగిపోయిన ఫైలు అందరికీ కనబడుతున్నప్పుడు దాన్ని ఆపి బేరం పెట్టడం కష్టం. వచ్చిన వరుసలోనే అర్జీలు తీసుకోవడం, వరుస తప్పితే కారణం రాయడం, ఈ రెండూ అయితే ఏ ఖర్చూ లేకుండా రేపే మొదలుపెట్టవచ్చు.

లంచం ఇచ్చినవాడిదీ తప్పేనా?

చాలా దేశాల్లో తప్పే. భారతదేశంలో 2018 సవరణ తర్వాత ఇవ్వడం కూడా నేరం. బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చినవారు ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలియజేస్తే వారికి రక్షణ ఉంటుంది. ఈ గడువు సంగతి చాలామందికి తెలియదు.

నన్ను గెలిపించిన వార్డు ప్రజల కోసం అధికారులకు సిఫారసు చేయడం తప్పా?

తప్పు కాదు, అది మీ పనిలో భాగం. చదువురాని ముసలావిడ అర్జీ ఎందుకు ఆగిందో కనుక్కోవడానికి మీరు కాకపోతే ఎవరు వెళ్తారు? ఈ విషయంలో నియమావళి పేరు చెప్పి సభ్యుల నోరు కట్టేయడం నాకు ఇష్టముండదు.

గీత ఎక్కడంటే, "ఈమె అర్జీ చూసి నిబంధనల ప్రకారం త్వరగా తేల్చండి" అనవచ్చు. "ఈమెకు ఇవ్వాల్సిందే, లేకపోతే నీ బదిలీ సంగతి చూస్తా" అనకూడదు. మొదటి దాంట్లో మీరు విషయాన్ని అధికారి దృష్టికి తీసుకెళ్లారు, రెండో దాంట్లో అధికారి నిర్ణయాన్ని లాక్కున్నారు. సిఫారసులన్నీ కాగితం మీదే చేయండి. కాగితం మీద పెట్టడానికి వెనకాడే మాట ఫోన్లో కూడా అనకూడనిదే. ఓటు వేయనివాళ్ల అర్జీలు కూడా అదే ఓపికతో పట్టుకెళ్తున్నారా అన్నది అప్పుడప్పుడు వెనక్కి తిరిగి చూసుకోండి.

పార్టీకి మేలు జరిగేలా నిర్ణయాలు తీసుకోవడం రాజకీయాల్లో మామూలే కదా?

ప్రజలకు నచ్చే పనులు చేసి మళ్లీ గెలవాలనుకోవడం మామూలే. అధికారాన్నీ ప్రజల ఆస్తినీ పార్టీ గెలుపు కోసం వాడటం వేరు. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్‌లో 1986 ఎన్నికల్లో పాలక పక్షం తక్కువ తేడాతో బయటపడింది. షర్లీ పోర్టర్ నాయకత్వంలోని కౌన్సిల్ ఆ తర్వాత పోటాపోటీగా ఉన్న ఎనిమిది వార్డులను ఎంచుకుని, అక్కడ ఖాళీ అయిన కౌన్సిల్ ఇళ్లను అద్దెకివ్వకుండా అమ్మకానికి పెట్టింది. కొనుక్కునేవాళ్లు తమకు ఓటేస్తారన్నది లెక్క. ఇళ్లు లేని కుటుంబాలు మాత్రం ఎదురుచూస్తూనే ఉన్నాయి.

ఆడిటర్ జాన్ మెగిల్ దీన్ని పట్టుకున్నారు. పైన చెప్పిన 2001 తీర్పు ఈ కేసులోదే. ఇళ్లు అమ్మే అధికారం కౌన్సిల్‌కు ఉన్నా, పార్టీ ఓట్ల కోసం వాడటం చట్టవిరుద్ధమని కోర్టు తేల్చింది. చివరికి 2004లో పోర్టర్ 1.23 కోట్ల పౌండ్లు చెల్లించి కేసు పరిష్కరించుకున్నారు. "అధికారం ఉంది కదా" అనే ప్రతి ఒక్కరికీ ఈ కేసు చెప్పాలనిపిస్తుంది.

టెండర్లలో ఎక్కడెక్కడ జాగ్రత్తగా ఉండాలి?

పరిమితి దాటకుండా ఒకే పనిని ముక్కలు చేయడం, ఒకే సంస్థకు తప్ప ఎవరికీ సరిపోని అర్హతలు రాయడం, గడువు మరీ తక్కువ ఇవ్వడం, పని చూడకుండా కొలతలు రాసి బిల్లు పాస్ చేయడం. ఇవి కనిపిస్తే వెనక ఏదో ఉందనే అనుకుని చూడాలి.

బ్రిటన్‌లో ఆర్కిటెక్ట్ జాన్ పౌల్సన్ ఎన్నో స్థానిక సంస్థల పనులు సంపాదించాడు. ఆయన దివాలా తీయడంతో 1972లో జరిగిన విచారణలో ఆయన లెక్కల పుస్తకాలన్నీ బయటికొచ్చాయి. ఎవరికి ఎంత ముట్టిందో అందులో రాసి ఉంది. న్యూకాసిల్ నాయకుడిగా గొప్ప పేరు తెచ్చుకున్న టి. డాన్ స్మిత్, పౌల్సన్ ఇద్దరూ 1974లో జైలుకు వెళ్లారు. స్మిత్ తన నగరాన్ని నిజంగానే ప్రేమించిన మనిషి. సలహాదారు ఫీజు అనే పేరు పెట్టుకుంటే ముడుపు ముడుపు కాకుండా పోదని ఆయన కథ చెబుతుంది.

రాబోయే రోడ్డు ప్లాను నాకు ముందే తెలిసింది. అక్కడ స్థలం కొనుక్కోవచ్చా?

వద్దు. మీ పేరు మీదా, బినామీ పేరు మీదా, స్నేహితుడికి చెవిలో వేసి కూడా వద్దు. వందేళ్ల క్రితం న్యూయార్క్‌లో టమ్మనీ హాల్ అనే రాజకీయ వర్గం నాయకుడు జార్జ్ వాషింగ్టన్ ప్లంకిట్, పార్కు వచ్చే చోటు ముందే తెలుసుకుని భూమి కొనడం నిజాయితీ గల సంపాదనే అని బాహాటంగా వాదించాడు. ఆ లాభం ఎక్కడినుంచి వస్తుందో చూస్తే వాదన కూలిపోతుంది. ఒకటి, విషయం తెలియక చవగ్గా అమ్ముకున్న రైతు జేబులోంచి. రెండు, అదే భూమికి ఎక్కువ పరిహారం కట్టే ప్రజల ఖజానాలోంచి.

కార్యాలయం వాహనం, సిబ్బంది, ఫోన్ సొంత పనికి వాడుకోవచ్చా?

వాడుకోకూడదు. దారిలో పిల్లల్ని స్కూలు దగ్గర దించడం దగ్గర మొదలై, అటెండర్ చేత ఇంటి పనులు చేయించుకునేదాకా వెళ్తుంది. కింది ఉద్యోగి కాదనలేడని తెలిసి చెప్పడం అందులో పెద్ద తప్పు.

సభ్యులందరం వాట్సాప్ గ్రూపులో ముందే మాట్లాడుకుని నిర్ణయించుకుంటే?

అప్పుడు సభ నాటకమే అవుతుంది. కాలిఫోర్నియాలో 1953 నుంచి ఉన్న బ్రౌన్ చట్టం ప్రకారం స్థానిక సంస్థల సమావేశాలు బహిరంగంగా జరగాలి, సాధారణ సమావేశం ఎజెండా 72 గంటల ముందు అందరికీ కనిపించేలా పెట్టాలి. మెజారిటీ సభ్యులు ఒకరి తర్వాత ఒకరుగా మాట్లాడుకుని బయటే తేల్చుకోవడాన్ని కూడా ఆ చట్టం ఒప్పుకోదు. సమావేశం టైం చెప్పడానికి గ్రూపు వాడండి, నిర్ణయాలకు వద్దు.

మా గౌరవ వేతనాలు మేమే పెంచుకోవచ్చా?

చట్టం అనుమతిస్తే, అందరి ఎదుట, అంకెలతో సహా చర్చించి. వీలైతే పెంపు తర్వాతి సభ నుంచే అమల్లోకి రావాలి.

కాలిఫోర్నియాలోని బెల్ అనే చిన్న పట్టణంలో ఏం జరిగిందో చూడండి. శ్రమజీవులు ఎక్కువగా ఉండే ఊరు, జనాభా 40,000 లోపే. 2005లో ఒక ప్రత్యేక ఎన్నికలో 400 కంటే తక్కువ మంది ఓటేస్తే, కౌన్సిలర్ల జీతాల మీద రాష్ట్రం పెట్టిన పరిమితి నుంచి ఆ ఊరు బయటపడింది. సిటీ మేనేజర్ రాబర్ట్ రిజో మూల వేతనం ఏడాదికి 7,87,000 డాలర్లు దాటింది. పార్ట్‌టైం కౌన్సిలర్లు దాదాపు లక్ష డాలర్ల చొప్పున తీసుకున్నారు, అదీ నిమిషాల్లో ముగిసే కమిటీల పేరు చెప్పి. 2010లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ విలేకరులు బయటపెట్టేదాకా ఊళ్లోవాళ్లకు తెలియలేదు. 2014లో రిజోకు 12 ఏళ్ల శిక్ష పడింది. సభకు వెళ్లి కాగితాలు అడిగే పౌరులు లేని ఊరు ఎంత నిస్సహాయంగా మారిపోతుందో బెల్ చూపించింది.

పై అధికారి లేదా సభ్యుడు తప్పుడు ఫైలు మీద సంతకం పెట్టమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

మీ భయం నాకు అర్థమవుతుంది. బదిలీ, ప్రమోషను, పిల్లల చదువు అన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరుగుతాయి. అందుకే ధైర్యంగా ఉండండి అని ఊరికే చెప్పను, చేయగలిగింది చెబుతాను.

ముందు, నోటిమాటగా చెప్పిన ఆదేశాన్ని రాతపూర్వకంగా అడగండి. గొడవ పడకుండా, "సార్, ఫైల్లో ఒక నోట్ ఇప్పించండి, వెంటనే ముందుకు పంపుతాను" అంటే సరిపోతుంది. సగం తప్పుడు ఆదేశాలు ఇక్కడే ఆగిపోతాయి. రాసి ఇస్తే, ఏ నిబంధనకు విరుద్ధమో చూపిస్తూ మీ అభిప్రాయం ఫైల్లో రాయండి. కోపం, వ్యంగ్యం లేకుండా నిబంధన నంబరు, తేదీ, వాస్తవం. మీరు రాసినదాని కాపీ నియమాలు అనుమతించిన మేరకు భద్రంగా ఉంచుకోండి. చేసేది నేరమని స్పష్టంగా తెలిస్తే మాత్రం రాతపూర్వక ఆదేశం ఉన్నా సంతకం పెట్టవద్దు. అది మిమ్మల్ని కాపాడదు. నమ్మకమైన సీనియర్‌తోనో, ఉద్యోగ సంఘంతోనో, లాయర్‌తోనో ఆ రోజే మాట్లాడండి. ఇలాంటి భారం ఒక్కరే మోస్తే మనిషి కుంగిపోతాడు.

తోటివాళ్లు తప్పు చేస్తున్నారని తెలిసింది. ఫిర్యాదు చేస్తే నా మీదికే వస్తుందేమో?

రావచ్చు, అందుకే సిద్ధమై చేయాలి. ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందం 33వ అధికరణం సదుద్దేశంతో సమాచారమిచ్చేవారి రక్షణ గురించి చెబుతుంది, చాలా దేశాల్లో విజిల్‌బ్లోయర్ చట్టాలున్నాయి. మీ చట్టం ఏ అధికారికి ఇచ్చిన ఫిర్యాదుకు రక్షణ ఇస్తుందో ముందు చూసుకోండి. సోషల్ మీడియాలో పెడితే ఆ రక్షణ పోవచ్చు. మీ కళ్లతో చూసింది, విన్నది, ఊహించింది విడివిడిగా రాయండి.

మామూలు పౌరుడిగా నేనేం చేయగలను?

ఎజెండా, మినిట్స్, ఖర్చుల వివరాలు, సభ్యుల ప్రయోజనాల రిజిస్టర్ అడగండి. ప్రభుత్వ కాగితాలు చూసే హక్కును స్వీడన్ 1766లోనే చట్టంలో రాసింది, ఇప్పుడు చాలా దేశాల్లో సమాచార హక్కు ఉంది. ఫిర్యాదు పెట్టేటప్పుడు "అంతా అవినీతిమయం" అని రాయకండి. ఏ తేదీన, ఏ తీర్మానం, ఎవరికి ఏ సంబంధం అన్నది ఒక పేజీలో రాస్తే దాన్ని పక్కన పడేయడం కష్టం. ముందు సంస్థలోని అధికారికి, స్పందన లేకపోతే అంబుడ్స్‌మన్‌కో (పౌరుల ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి) మీ చట్టంలో ఉన్న స్వతంత్ర సంస్థకో వెళ్లండి.

నా మీద అబద్ధపు ఫిర్యాదు వచ్చింది.

ఫిర్యాదుదారు ఎవరో వెతకవద్దు, ఫోన్ చేయించవద్దు. అలా చేస్తే అబద్ధపు ఫిర్యాదు కాస్తా నిజమైన తప్పుగా మారుతుంది. రికార్డులు తెచ్చి చూపించండి.

పదవి దిగాక ఈ నియమాలు ఉండవు కదా?

కొన్ని ఉంటాయి. పదవిలో తెలిసిన రహస్యాలు ఎప్పటికీ రహస్యాలే. మీరు అనుమతులిచ్చిన సంస్థలో వెంటనే ఉద్యోగానికి చేరకుండా చాలాచోట్ల కొంత విరామ కాలం ఉంటుంది. పదవిలో ఉండగానే అలాంటి ఉద్యోగం గురించి మాటలు మొదలైతే ఆ రోజే చెప్పి ఆ సంస్థ ఫైళ్ల నుంచి తప్పుకోవాలి.

పోయిన సమావేశంలో చెప్పాల్సింది చెప్పలేదు. ఓటు కూడా వేసేశాను. ఇప్పుడేం చేయాలి?

రేపు ఉదయమే కార్యదర్శికి రాతపూర్వకంగా తెలియజేయండి. ఏ తేదీ, ఏ అంశం, మీ సంబంధం ఏమిటి, అప్పుడు ఎందుకు చెప్పలేదు అన్నవి ఉన్నదున్నట్టు రాయండి. మర్చిపోతే మర్చిపోయాననే రాయండి. వచ్చే సమావేశంలో మొదటి అంశం కంటే ముందు లేచి అదే మాట సభకు చెప్పి, మినిట్స్‌లో నమోదు చేయమని అడగండి. ఆ తీర్మానాన్ని మళ్లీ చర్చకు పెట్టాలా అన్నది సభ, న్యాయ సలహాదారు తేలుస్తారు. ఆ చర్చలో మీరు ఉండకండి. చట్టపరంగా చిక్కు ఉండవచ్చనిపిస్తే ఉత్తరం ఇచ్చే ముందు లాయర్‌కు చూపించండి, కానీ ఆ సాకుతో వారాలు గడిపేయకండి. పాత మినిట్స్‌లో మీ పేరు కొట్టేయమనో తేదీ మార్చమనో రాసేవాళ్లను ఎప్పుడూ అడగవద్దు. నన్ను ఒకసారి అలా అడిగారు, నేను రాయలేదు. అడిగిన పెద్దమనిషి వారం తర్వాత సభలో తనే లేచి నిలబడి విషయం చెప్పారు. ఆ రోజు మినిట్స్ మాత్రం చెయ్యి వణక్కుండా రాశాను.